కొట్లో కంప్యూటరు: బెజవాడ, గుంటూరు వ్యాపారులూ పరిశోధక విద్యార్థులూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు రెండు రకాల వాళ్లవి. వన్‌టౌన్, ఆటోనగర్, మిర్చి యార్డు లాంటి చోట్ల కంప్యూటరు పెట్టుకుని, ఇంత ఖర్చుకు ఏం ఒరిగిందని అడిగేవాళ్లు కొందరు. అదే ప్రశ్న మీద ఎంబీఏ ప్రాజెక్టో పీహెచ్‌డీయో చేయాలనుకునేవాళ్లు మరికొందరు. ఏం మారింది, ఎంత మారింది, అది కంప్యూటరు వల్లేనా అన్నది ఇద్దరూ తేల్చుకోవాల్సిందే. అందుకే విడదీయకుండా కలిపే ఇచ్చాం.

కంప్యూటరు పెట్టి మూడేళ్లయింది. గుమాస్తాకు పని తగ్గకపోగా పెరిగింది. తప్పెక్కడ?

పాత పని తీసేయకుండా దాని పక్కనే కొత్త పని పెట్టి ఉంటారు. పగలంతా బిల్లులు చేతిపుస్తకం మీదే నడుస్తాయి. రాత్రి షట్టరు సగం దించాక గుమాస్తా కార్బన్ కాపీలు ముందేసుకుని లెక్కల సాఫ్ట్‌వేరు టాలీలో ఎక్కిస్తాడు. కార్బన్ సరిగా పడని చోట 1 కాస్తా 7 అవుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది: కంప్యూటర్లో స్టాకు ఎప్పుడు చూసినా నిన్నటిదే. నిన్నటి స్టాకు నమ్మి ఎవరూ ఆర్డరు ఒప్పుకోరు, గోడౌనుకు ఫోన్ చేసి కనుక్కుంటారు. ఫోనుతో పని జరిగిపోతోంది కాబట్టి కంప్యూటర్లో తప్పు దిద్దాలని ఎవరికీ అనిపించదు. చివరికి అది ఆడిటరు కోసం రాసే పుస్తకంగా మిగిలిపోతుంది.

మీ దగ్గరా ఇదే జరుగుతోందా అన్నది వారంలో తేలుతుంది. రేపటి నుంచి చేతిబిల్లు మీద తేదీతో పాటు టైము కూడా వేయమనండి. వారం తిరిగాక 40 బిల్లులు ఏరి, ప్రతిదానికీ ఆ టైమూ కంప్యూటర్లో ఎక్కిన టైమూ పక్కపక్కన రాయండి. రెండోది ఎడిట్ లాగ్‌లో, అంటే ఏ ఎంట్రీ ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు మారిందో సాఫ్ట్‌వేరు తనంతట రాసుకునే చిట్టాలో దొరుకుతుంది. కంపెనీలుగా నమోదైనవాళ్లు 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి. ప్రొప్రయిటరు కొట్లకు ఆ నిబంధన లేకపోయినా పెట్టుకుంటే మంచిదే. తేడాలను చిన్నవాటి నుంచి పెద్దవాటిదాకా వరసపెట్టి 20, 21 స్థానాల్లో పడ్డ అంకెలు చూడండి. అవి నిమిషాల్లో ఉంటే కంప్యూటరు పని చేస్తున్నట్టు. గంటల్లో ఉంటే మీరు కొన్నది ఖరీదైన టైపు మిషను.

రెండు పనులను ఒకటి చేయడం ఎలా?

1990లో మేనేజ్‌మెంట్ నిపుణుడు మైకేల్ హ్యామర్ చెప్పిన ఫోర్డ్ కార్ల కంపెనీ ఉదాహరణ ఇప్పటికీ పనికొస్తుంది. సరుకు పంపినవాళ్లకు డబ్బు చెల్లించే విభాగంలోనే ఆ కంపెనీకి 500 మందికి పైగా ఉండేవారు. మరో కార్ల కంపెనీ మాజ్దాలో అదే పని ఐదుగురు చేసేవారు. ఆర్డరు, సరుకు ముట్టిన కాగితం, ఇన్వాయిసు, ఈ మూడూ పొసగని చోట ఎందుకు పొసగలేదో వెతకడంతోనే ఫోర్డ్ సిబ్బంది పొద్దు గడిచిపోయేది. ఆ వెతుకులాటను కంప్యూటరుతో వేగం చేయడం వాళ్లు చేసిన మార్పు కాదు. ఇన్వాయిసునే ఎత్తేశారు. సరుకు దిగేచోట గుమాస్తా తెర మీద ఆర్డరు చూస్తాడు, సరిపోతే దించుకుంటాడు, చెల్లింపు కదులుతుంది. సరిపోకపోతే సరుకు వెనక్కి. విభాగంలో సిబ్బంది 75 శాతం తగ్గారు.

జీఎస్టీ ఉండగా మనకు ఇన్వాయిసు ఎత్తేయడం కుదరదు. ఆ ఉదాహరణలో మనం తీసుకోవాల్సింది లెక్క సరిచూసే చోటు మార్చడం. బెజవాడ బట్టల మార్కెట్టు వస్త్రలతలో ఒక కొట్టుకు సూరత్ నుంచి బేలు వచ్చిందనుకోండి. ఆర్డరు ఇచ్చిన రోజే డిజైను నంబరు, పీసులు, రేటు ఎక్కి ఉండాలి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఎల్ఆర్ (లారీ రసీదు) నంబరూ బేలు బరువూ ఎక్కాలి. బేలు విప్పిన మనిషే అక్కడే పీసులు లెక్కపెట్టి ఫోన్లో నొక్కాలి. మూడు పీసులు తక్కువ పడితే ఆ నిమిషమే ఫొటోతో సహా సూరత్‌కు కబురు పోతుంది. ఇదే తేడా నెలాఖరున అకౌంటెంటు కనిపెడితే అవతలివాడు ఒప్పుకోడు, మీ దగ్గర రుజువూ ఉండదు.

ఈ పద్ధతి ఎక్కువగా చెడేది ఒక చిన్న కారణంతో. బేలు విప్పే కుర్రాడికి లాగిన్ ఇవ్వరు. పాస్‌వర్డు యజమాని జేబులో ఉంటుంది, యజమాని పెళ్లికి పోతాడు.

కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి కంప్యూటరు లెక్కతో ఎప్పుడూ కలవదు. దొంగతనమా?

ముందు నీటిని అనుమానించండి. 100 కిలోల కాయలో తేమ 12 శాతం ఉంటే 12 కిలోలు నీళ్లు, 88 కిలోలు ఎండు సరుకు. తేమ 10 శాతానికి దిగినా ఆ 88 మారదు, కాకపోతే ఇప్పుడది మొత్తంలో 90 శాతం. 88ని 0.90తో భాగిస్తే 97.8 కిలోలు. కాయ ఒక్కటీ పోకుండానే క్వింటాకు 2.2 కిలోలు తగ్గాయి. వెయ్యి క్వింటాళ్ల మీద 22 క్వింటాళ్లు. తేమ పట్టినా ఇదే లెక్క తిరగేసి వేయాలి.

రెండో అనుమానం కొలమానం మీద. టిక్కీ అంటే సంచి, బరువు కాదు. సాఫ్ట్‌వేరు పెట్టిన కుర్రాడు ‘ఒక టిక్కీ ఇన్ని కిలోలు’ అని ఒక అంకె బిగించి పోతాడు. ఆ క్షణం నుంచి లెక్క జారడం మొదలవుతుంది. సంచుల సంఖ్యకు ఒక గడి, కాటా బరువుకు ఒక గడి వేరుగా ఉండాలి. ఖాళీ గోతం బరువు తీసేశారో లేదో ప్రతి లాటుకూ రాయాలి. తేజ రకం మిర్చి లాటులోంచి తాలు (రంగు పోయిన నాసి కాయ) ఏరి పక్కన పెడితే ఆ తాలు కొత్త లాటుగా ఎక్కాలి. లేకపోతే మంచి సరుకులో అంత బరువు మాయమైనట్టు కనిపిస్తుంది.

లోపలికి పెట్టేటప్పుడూ బయటికి తీసేటప్పుడూ తేమ మీటరు అంకె రాసుకుంటే ఎంత తరుగు న్యాయమో తెలుస్తుంది. తరుగు అది దాటితే అప్పుడు వాచ్‌మన్‌ను అడగండి.

ఒకే పార్టీ నాలుగు పేర్లతో కనిపిస్తోంది. బాకీ ఎంతో తేలడం లేదు.

తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టడం వల్ల వచ్చిన తిప్పలివి. ‘శ్రీ’ని ఒకరు మూడక్షరాలతో రాస్తే ఒకరు నాలుగక్షరాలతో రాస్తారు. లక్ష్మికి ఎన్ని స్పెల్లింగులున్నాయో లెక్కే లేదు. పేరును వదిలేసి జీఎస్టీ నంబరు పట్టుకోండి. అందులో 15 గుర్తులుంటాయి: మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తర్వాతి పదీ పాన్. పార్టీల జాబితాను ఎక్సెల్‌లోకి దించి, 3వ గుర్తు నుంచి 12వ గుర్తుదాకా వేరే గడిలోకి తీసి, దాని మీద వరసపెడితే జంటలన్నీ పక్కపక్కకు వచ్చి పడతాయి.

ఒక జాగ్రత్త ఉంది. ఒకే పాన్ మీద 37తో ఒకటి, 36తో ఒకటి ఉంటే అవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రిజిస్ట్రేషన్లు. కలపకూడదు. కలిపారంటే ఖమ్మం పార్టీకి వేయాల్సిన ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకం మీద పన్ను) బదులు రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. నిజమైన జంటల్లో ఒకదాన్ని ఉంచి, రెండోదాని నిల్వను జర్నల్ ఎంట్రీతో మొదటిదాంట్లోకి మార్చండి. పాతదాన్ని చెరిపేయొద్దు, కొత్త బిల్లు పడకుండా పేరు ముందు ‘వాడొద్దు’ అని చేర్చండి. జీఎస్టీ నంబరు లేని చిన్న పార్టీలకు ఫోన్ నంబరే ఆధారం.

ఎక్సెల్ చాలదా?

ఎక్కించే మనిషి ఒక్కరే అయితే చాలు. ఇద్దరైతే చాలదు.

మేం కావాలని మారలేదు, జీఎస్టీ మార్పించింది. ఇది కూడా పరిశోధనకు పనికొస్తుందా?

మహా బాగా పనికొస్తుంది. సంస్థలన్నీ ఒకే తీరుకు ఎందుకు వచ్చేస్తాయన్నదానికి 1983లో డిమాజియో, పవెల్ మూడు ఒత్తిళ్లు చెప్పారు: చట్టం లాంటి బలవంతం, పక్కవాణ్ని చూసి చేసే అనుకరణ, వృత్తిలోని వాళ్లు పెట్టే కట్టుబాటు. మన బజార్లో మూడూ కనిపిస్తాయి.

బిల్లును ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయించే ఎలక్ట్రానిక్ ఇన్వాయిసు 2020 అక్టోబరు 1న 500 కోట్లు దాటిన టర్నోవరుతో మొదలై, మెట్లు దిగుతూ 2023 ఆగస్టు 1కి 5 కోట్లు దాటినవాళ్లకు వచ్చింది. దీంట్లో అసలు బిగువు పోర్టల్లో లేదు, కొనేవాడిలో ఉంది. అమ్మినవాడు నెలవారీ రిటర్ను 11వ తేదీలోపు వేస్తేనే 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బి అనే పట్టికలో కొన్నవాడికి ఆ బిల్లు మీద క్రెడిట్ (తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే మొత్తం) కనిపిస్తుంది. అమ్మినవాడు ఆలస్యం చేస్తే చేతిలో డబ్బు కట్టాల్సి వచ్చేది కొన్నవాడికి. అందుకే ‘బిల్లు ఎక్కించారా’ అని అధికారికంటే ముందు కస్టమరే ఫోన్ చేస్తాడు. చట్టం ఒక్కసారి తోసింది. నెలనెలా తోస్తున్నది కస్టమరు. టర్నోవరు పరిమితికి కాస్త కింద, కాస్త పైన ఉన్న కొట్లను పోల్చి చూస్తే మంచి అధ్యయనం అవుతుంది. పరిమితి దాటకుండా టర్నోవరును అక్కడే ఆపి చూపించేవాళ్లు ఉంటారేమో ముందు చూసుకోవాలి.

యూపీఐ సౌండ్ బాక్సు కూడా వ్యాపారాన్ని మార్చినట్టేనా?

ఆ చిన్న డబ్బా మార్చినంత చాలా సాఫ్ట్‌వేర్లు మార్చలేదని మా అభిప్రాయం. అది రాక ముందు డబ్బు యజమాని ఫోనుకు పడేది. కౌంటర్లో కుర్రాడు కస్టమరు చూపించిన తెర నమ్మాలి, లేదా యజమానికి ఫోన్ చేయాలి. పాత స్క్రీన్‌షాట్ చూపించి పోయేవాళ్లూ ఉంటారు. డబ్బు పడిందని గట్టిగా వినబడటం మొదలయ్యాక యజమాని కౌంటరు వదిలి గోడౌనుకు పోగలిగాడు. సరుకు వదిలే అధికారం జీతగాడి చేతికి వచ్చింది. మనిషి పనిని యంత్రంతో చేయించడం వేరు, పని గురించిన సమాచారాన్ని బయటపెట్టడం వేరని షోషనా జుబాఫ్ 1988లో చెప్పిన తేడా ఇదే.

డబ్బా చేయనిది ఒకటుంది. వచ్చిన 350 రూపాయలు ఏ బిల్లువో అది చెప్పదు. రాత్రి కలుపుకోవాలంటే బిల్లు మీద చెల్లింపు నంబరు చివరి నాలుగంకెలైనా రాయాలి.

కంప్యూటర్ల వల్ల ఉత్పాదకత పెరిగిందని నిజంగా రుజువైందా?

చాలాకాలం కాలేదు. కంప్యూటర్లు అంతటా కనిపిస్తున్నాయి, ఉత్పాదకత అంకెల్లో మాత్రం కనిపించడం లేదని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లో ఎత్తిపొడిచారు. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, లోరిన్ హిట్ దేశం మొత్తం అంకెలు పక్కనపెట్టి, 1987 నుంచి 1991 వరకు 367 పెద్ద అమెరికన్ సంస్థల లెక్కలు విడివిడిగా తీశారు. కంప్యూటర్ల మీద పెట్టిన పెట్టుబడికి గట్టి ప్రతిఫలమే ఉందని 1996లో చూపించారు.

ఆలస్యం ఎందుకన్నదానికి 1990లో పాల్ డేవిడ్ చెప్పిన పోలిక బాగుంటుంది. కరెంటు వచ్చిన కొత్తలో ఫ్యాక్టరీలు ఆవిరి ఇంజను తీసి, అదే చోట పెద్ద మోటారు బిగించాయి. పైన పొడుగాటి షాఫ్టు, దాన్నుంచి బెల్టులు, అంతా మామూలే. పెద్దగా లాభం కనిపించలేదు. ఒక్కో మిషనుకు ఒక్కో మోటారు పెట్టి, పని నడిచే వరస ప్రకారం షెడ్డునే మార్చి కట్టాకే ఫలితం వచ్చింది. దానికి దశాబ్దాలు పట్టింది. పాత బియ్యం మిల్లుల్లో బెల్టుల వరస చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. రాత్రిపూట కార్బన్ కాపీలు ఎక్కించే కొట్టు కూడా షాఫ్టు తీయకుండా మోటారు పెట్టుకున్నదే.

ముందు పద్ధతా, ముందు సాఫ్ట్‌వేరా?

పద్ధతి. నికొలస్ బ్లూమ్ బృందం ముంబై చుట్టుపక్కల పెద్ద నేత మిల్లుల్లో చీటీ తీసినట్టు కొన్నింటిని ఎంచి, నాణ్యత, స్టాకు, మరమ్మతుల రికార్డులు రోజూ రాయడం, చూడడం నేర్పించింది. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో ప్రచురించారు. రోజూ అంకెలు చూసే అలవాటు కుదిరిన మిల్లుల్లో కంప్యూటరు వాడకమూ పెరిగింది.

ఫోన్లో ధరలు తెలిస్తే రైతుకు ఎక్కువ రేటు వస్తుందా?

మూడు అధ్యయనాలు, మూడు జవాబులు. కేరళ తీరానికి 1997–2001 మధ్య సెల్‌ఫోను వచ్చినప్పుడు రాబర్ట్ జెన్సెన్ చేపల రేవులను గమనించారు. రేవుకూ రేవుకూ మధ్య ధరల తేడా బాగా తగ్గింది, అమ్ముడుపోక పారబోయడం ఆగింది, జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాడికి ధర 4 శాతం తగ్గింది. మధ్యప్రదేశ్‌లో ఐటీసీ కంపెనీ పల్లెల్లో పెట్టిన ఈ-చౌపాల్ ఇంటర్నెట్ కియోస్కుల మీద అపరాజితా గోయల్ 2010లో ప్రచురించిన పనిలో సోయా ధర 1 నుంచి 3 శాతం పెరిగినట్టు తేలింది. మహారాష్ట్రలో 100 గ్రామాలు తీసుకుని రైతులకు ఎస్ఎమ్మెస్‌లో ధరలు పంపిన ప్రయోగంలో మాత్రం వచ్చిన రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదని ఫాఫ్‌చాంప్స్, మింటెన్ 2012లో చెప్పారు.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు. చేప గంటల్లో చెడుతుంది, పడవకు ఇంకో రేవుకు పోయే వీలుంది. సోయా దగ్గర కంపెనీ తూకం, నాణ్యత పరీక్షతో తనే కొనడానికి నిలబడింది, అంటే రైతుకు ఇంకో గుమ్మం దొరికింది. ఎస్ఎమ్మెస్ గుమ్మాన్ని చూపించలేదు, అంకెను మాత్రమే చూపించింది.

ఇప్పుడు గుంటూరు యార్డుకు రండి. ఎండుమిర్చి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఆగుతుంది, కాబట్టి చేపల తొందర లేదు. పెట్టుబడికి కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తీసుకున్న రైతు సరుకు అక్కడే దించుతాడు, రేటు తెలిసినా కాళ్లు కదలవు. పైగా ‘తేజ రేటు ఇంత’ అన్న మాటకు రంగు, తేమ, తాలు తెలియకుండా అర్థం లేదు. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ లాంటి ఆన్‌లైన్ వేలంలో ఎక్కడో కూర్చున్నవాడు నమ్మి పాట పాడాలంటే లాటు నాణ్యత పరీక్ష నమ్మదగ్గదై ఉండాలి. లేకపోతే మచ్చు కాయ చేత్తో నలిపి చూసినవాడే పాడతాడు. గుంటూరులో అధ్యయనం చేసేవాళ్లు ‘యాప్ వాడారా’ అని అడిగే ముందు ‘అప్పు ఎవరి దగ్గరుంది’ అని అడగాలి.

‘విజయవాడ చిన్న వ్యాపారాలపై ఐటీ ప్రభావం’ అని వంద మందికి ప్రశ్నావళి పంచితే సరిపోతుందా?

డిగ్రీ రావచ్చు, సంగతి తెలియదు. కొత్త టెక్నాలజీని జనం ఎందుకు ఒప్పుకుంటారో చెప్పడానికి 1989లో ఫ్రెడ్ డేవిస్ ఇచ్చిన నమూనా నుంచి ‘ఉపయోగం అనిపిస్తోందా, సులువు అనిపిస్తోందా’ అన్న ప్రశ్నలు తెచ్చి, అదే కాగితంలో ‘లాభం పెరిగిందా’ అని కూడా అడుగుతారు. ఒకే మనిషి, ఒకే మూడ్‌లో రెండింటికీ టిక్కు పెడతాడు, సంబంధం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేరు కొని వదిలేసినవాళ్లు, కొట్టు మూసుకున్నవాళ్లు జాబితాలోనే ఉండరు.

బదులుగా ఒక మార్పు, ఒక కొలత, ఒక పోలిక పట్టుకోండి. బిల్లు వేయగానే కస్టమరుకు వాట్సాప్‌లో పంపడం మార్పు అనుకుందాం. బిల్లు తేదీ నుంచి డబ్బు ముట్టేదాకా పట్టిన రోజులు కొలత. ఊహించిన అంకెలతో చూడండి: మారిన కొట్లలో 62 రోజులు 48 అయ్యాయి, అంటే 14 తగ్గాయి. మారని కొట్లలో 60 కాస్తా 53 అయ్యాయి, అంటే 7 తగ్గాయి. బజారు మొత్తానికి వచ్చిన ఊపు 7. మార్పు ఖాతాలో వేయగలిగింది మిగతా 7 మాత్రమే. అది కూడా, మార్పుకు ముందు ఏడాది పాటు రెండు గుంపులూ నెలనెలా ఒకే తీరున నడిచాయని చూపిస్తేనే.

గాడి తప్పేవి రెండు. ఇంకా డబ్బు రాని బిల్లులను వదిలేస్తే సగటు అబద్ధం చెబుతుంది, ఎందుకంటే అసలు ఆలస్యం చేసేవాళ్లు వాటిలోనే ఉన్నారు. రెండోది సీజను. మిర్చిలో మార్చి నెలను వేసవి సెలవుల నెలతోనూ, బట్టల్లో ఆషాఢాన్ని శ్రావణంతోనూ పోల్చకూడదు. పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలి. ఆషాఢం ఇంగ్లిషు క్యాలెండర్లో జరుగుతుంటుంది కాబట్టి పంచాంగం కూడా దగ్గర పెట్టుకోండి.

యజమానులు లెక్కలు చూపించరు. ఏం చేయాలి?

టర్నోవరు అడగకండి. మూడు గడులే అడగండి: బిల్లు నంబరు, జరిగిన పని, టైము. పార్టీ పేర్లు, మొత్తాలు అక్కడే, వాళ్ల ముందే తీసేయండి. ఆర్డరు, ప్యాకింగు, లోడింగు, చెల్లింపు ఏ వరసలో జరిగాయో, ఎక్కడ ఆగాయో ఈ మూడు గడుల నుంచే బయటికి వస్తుంది. పని నడిచిన తీరును కంప్యూటరు రికార్డుల నుంచి వెలికితీసే ప్రాసెస్ మైనింగుకు కావాల్సిన కనీస సరుకు ఇదే. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య వెళ్లండి. రిటర్ను గడువు 20వ తేదీ చుట్టుపక్కల అసలు వెళ్లొద్దు.

ఒక్క కొట్టు మీద చేస్తే పరిశోధన అంటారా?

అంటారు. వాండా ఓర్లికోవ్‌స్కీ 1992లో ప్రచురించిన పని ఒకే కన్సల్టింగ్ సంస్థ మీద. తెలిసింది అందరితో పంచుకోవడానికి అక్కడ కొత్త సాఫ్ట్‌వేరు పెట్టారు. కానీ ప్రమోషన్లు పోటీ మీద నడిచే చోట ఎవరూ తమ తెలివి ఊరికే పంచుకోరని ఆమె చూపించారు. మన గుమస్తా కూడా పార్టీల ఫోన్ నంబర్లు తన పాకెట్ డైరీలోనే ఉంచుకుంటాడు. కొట్టు ఒక్కటైనా కనీసం రెండు సీజన్లు చూడండి. యజమాని చెప్పింది, గుమాస్తా చెప్పింది, లాగ్ చూపించింది మూడూ పక్కపక్కన పెట్టండి. అవి పొసగని చోటే మీ అధ్యాయం.

బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. చాలా?

ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటరు పక్క సొరుగులోనే ఉంటే చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్లలోకి, కొట్లలోకి వచ్చింది. అలాంటప్పుడు కింద పెట్టిన సీపీయూ, సొరుగులోని డ్రైవు కలిసే మునుగుతాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట ఉండాలి. క్లౌడ్ ఒక కాపీ కావచ్చు. కానీ మార్చిన ఫైలును మారిన వెంటనే పైకి పంపే రకం అయితే వైరస్ పాడుచేసిన ఫైలును కూడా అలాగే పంపేస్తుంది. తేదీలవారీ పాత కాపీలు దాచేదే కావాలి.

మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ను ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడండి. బ్యాకప్ తీసిన రోజు చివరి బిల్లు నంబరూ, క్యాష్ నిల్వా కాగితం మీద రాసి ఉంచుకుంటే రెండు నిమిషాల్లో సరిచూడొచ్చు.